మణికట్టును దిద్దే ప్లాస్టిక్ పనిముట్టు: నాలుగు నెలల వాడకం తరువాత

నాకు కావలసింది ఒక్కటే. గోల్ఫ్‌లో ఏడో నంబరు ఐరన్ (లోహపు తల ఉన్న ఒక రకం క్లబ్) బంతిని తాకే క్షణాన నా ఎడమ మణికట్టు వెనక్కి విరగకూడదు. గత నవంబరులో దాదాపు 1800 రూపాయలు పెట్టి తెప్పించుకున్న ఈ ప్లాస్టిక్ పనిముట్టు ఆ పని చేసిపెడుతుందని దాని అట్టపెట్టె మీద రాసి ఉంది. నాలుగు నెలల పాటు వారానికి నాలుగైదు రోజులు, ఇంటి మేడ మీదా, బంతులు కొట్టి సాధన చేసే డ్రైవింగ్ రేంజ్‌లోనూ దాన్ని వాడాను. అది ఒక తప్పును నిజంగానే బాగా దిద్దుతుంది, అయితే నేను దాన్ని కొన్నది ఆ తప్పు కోసం కాదు. ఈ రెండు తప్పులకూ తేడా తెలియక డబ్బూ కాలమూ పోగొట్టుకున్నవాళ్లను రేంజ్‌లో తరచుగా చూస్తుంటాను కనుక కాస్త వివరంగానే రాస్తున్నాను. ఈ తరహా పనిముట్లు రకరకాల పేర్లతో దొరుకుతున్నా వాటి నిర్మాణం దాదాపు ఒకటే కాబట్టి, ఇక్కడ చెప్పేది ఏ పేరుతో కొన్నా వర్తిస్తుంది.

ముందు మణికట్టు కదలికల సంగతి. కుడిచేతి వాటం ఆటగాడి ఎడమ మణికట్టు స్వింగ్‌లో మూడు రకాలుగా కదులుతుంది. మేకు కొట్టడానికి సుత్తి ఎత్తినప్పుడు బొటనవేలు ముంజేతి వైపు లేస్తుంది చూడండి, అది మొదటిది. గోల్ఫ్‌లో దాన్ని హింజ్ అంటారు, క్లబ్‌ తలకు వేగం తెచ్చేవాటిలో అది ముఖ్యమైనది. ఎదుటివారిని ఆగమని సైగ చేసినప్పుడు చెయ్యి వెనక్కి వంగుతుంది, అది రెండోది. దాన్ని కప్పింగ్ అంటారు, దానికి వ్యతిరేకంగా అరచేతి వైపు వంగితే బోయింగ్. తాళంచెవి తిప్పినప్పుడు ముంజేయి తిరగడం మూడోది. చిక్కంతా రెండోదానితోనే. ఎడమ మణికట్టు వెనక్కి వంగిన కొద్దీ క్లబ్‌ఫేస్ (బంతిని తాకే క్లబ్ ముఖం) తెరుచుకుంటుంది, అంటే కుడివైపుకు చూస్తుంది; అరచేతి వైపు వంగిన కొద్దీ మూసుకుంటుంది, అంటే ఎడమవైపుకు చూస్తుంది. బంతి ఏ దిశలో బయలుదేరాలో ఎక్కువ భాగం నిర్ణయించేది తాకే క్షణాన ఆ ఫేస్ చూసే దిశే. క్లబ్ వస్తున్న దారికి ఫేస్ తెరిచి ఉంటే బంతి కుడివైపుకు వంపు తిరుగుతుంది, మనలో ఎక్కువమందిని బాధించే స్లైస్ అదే.

నా తప్పుకు మూలం క్రికెట్‌లో ఉందని నా నమ్మకం. హైదరాబాదులో పెరిగినవాళ్లకు మణికట్టు అంటే ఒక ఆరాధన. అజహరుద్దీన్ ఆఫ్ స్టంప్ బయట పడిన బంతిని చివరి క్షణంలో బ్యాటు తిప్పి లెగ్ వైపు జార్చడం చూసి, 2001 మార్చిలో కోల్‌కతాలో లక్ష్మణ్ 281 పరుగులు చేస్తూ షేన్ వార్న్‌ను మణికట్టు మలుపుతో మిడ్‌వికెట్ వైపు పంపడం చూసి, గల్లీలో టెన్నిస్ బంతితో అదే అనుకరించిన తరం మాది. క్రికెట్‌లో బంతి కదిలి వస్తుంది, పిచ్ పడ్డాక దారి మార్చుకుంటుంది, కనుక చివరి క్షణంలో చేతులు సర్దుకోవడం అక్కడ గొప్ప విద్య. గోల్ఫ్ బంతి కదలకుండా పడి ఉంటుంది. దాని కోసం సర్దుకోవలసిన అవసరమే లేదు, అయినా ముప్పై ఏళ్ల కిందట నేర్చుకున్న చేతులు సర్దుకుంటూనే ఉంటాయి. కుడిచెయ్యి ఎడమచేతిని దాటిపోతుంది, ఎడమ మణికట్టు వెనక్కి విరుగుతుంది, క్లబ్ తల చేతులకంటే ముందుకు పోతుంది. దీన్నే ఫ్లిప్ అంటారు. ఇలా కొట్టినప్పుడు క్లబ్ కాడ వెనక్కి వాలి లాఫ్ట్ (క్లబ్ ముఖం పైకి వాలి ఉండే కోణం) పెరుగుతుంది కాబట్టి ఏడో ఐరన్‌తో కొట్టిన బంతి తొమ్మిదో ఐరన్ బంతిలా పైకి లేచి చప్పగా కింద పడుతుంది; క్లబ్ నేలకు అతి దగ్గరగా వచ్చే చోటు బంతికి వెనక్కి జరుగుతుంది కనుక, ఒక దెబ్బ ముందు నేలను తవ్వితే ఇంకో దెబ్బ బంతి నెత్తిని తాకుతుంది.

మా కోచ్ గారు ఫోనులో సెకనుకు 240 ఫ్రేముల వేగంతో తీసిన వీడియో ఒకదాన్ని నేను ఇప్పటికీ దాచుకున్నాను. డౌన్‌స్వింగ్, అంటే క్లబ్ కిందికి దిగే భాగం, మొత్తం దాదాపు అరవై ఫ్రేములు. యాభై ఆరో ఫ్రేము దాకా అంతా బాగానే ఉంది, చేతులు క్లబ్ తలకంటే ముందున్నాయి, ఎడమ మణికట్టు వెనుక భాగం తిన్నగా ఉంది. అక్కడినుంచి నడుము తిరగడం ఆగిపోయింది. తరువాతి రెండు ఫ్రేముల్లో, క్లబ్ తల ఇంకా బంతికి అడుగు దూరంలో ఉండగానే, చేతి గ్లోవ్ మీద ఉన్న గుండీ ఆకాశం వైపు తిరిగింది, మణికట్టు దగ్గర గ్లోవ్ తోలు మడత పడింది. ఆ మడతను వేలితో చూపిస్తూ ఆయన, "సార్, మీరు బంతిని లేపడానికి చూస్తున్నారు. లేపడం మీ పని కాదు, అది లాఫ్ట్ పని. మీరు కిందికే కొట్టండి, అదే లేస్తుంది" అన్నారు.

ఆ మాట నాకు అర్థమైంది, చేతులకు అర్థం కాలేదు. దీనికి కారణం ఉంది. డౌన్‌స్వింగ్ సెకనులో పావువంతు మాత్రమే పడుతుంది; క్లబ్‌ఫేస్ బంతిని అంటిపెట్టుకుని ఉండేది అర మిల్లీసెకను మాత్రమే. కంటితో చూసి చెయ్యి స్పందించడానికే సెకనులో ఐదోవంతు కావాలి. అంటే స్వింగ్ కిందికి మొదలయ్యాక 'మణికట్టు నిలుపు' అని మనసులో అనుకున్నా, ఆ ఆజ్ఞ చేతికి అందేసరికి బంతి వెళ్లిపోయే వేళ అవుతుంది. కనుక మణికట్టును మాటతో దిద్దలేము. దానికి తెలిసేలా ఏదైనా తాకాలి, అదే తాకిడి వందల సార్లు నెమ్మదిగా జరగాలి. ఇలాంటి పనిముట్ల వెనుక ఉన్న ఆలోచన ఇదే, ఆ ఆలోచనతో నాకు పేచీ లేదు.

ఇక వస్తువు సంగతి. అరచేయంత పొడవున్న గట్టి ప్లాస్టిక్ ముక్క ఇది. ఒక చివర క్లబ్ కాడను పట్టుకునే బిగింపు, దానికి ఒక మర. ఇంకో చివర ముంజేయి ఒదిగేలా అర్ధచంద్రాకారంలో ఒక ఒడి. చేత్తో పట్టుకునే పిడికి కాస్త కిందుగా కాడకు దీన్ని బిగించుకుని మామూలుగా క్లబ్ పట్టుకోవాలి. బ్యాక్‌స్వింగ్‌లో, అంటే క్లబ్‌ను వెనక్కి ఎత్తేటప్పుడు, ఎడమచెయ్యి నేలకు సమాంతరంగా వచ్చేసరికి క్లబ్ కాడకూ ముంజేతికీ మధ్య తొంభై డిగ్రీల కోణం వచ్చేలా మణికట్టు మడిచి, వెనక్కి వంగకుండా ఉంటే, ఆ ఒడి వచ్చి ముంజేతి మీద సరిగ్గా కూర్చుంటుంది. మణికట్టు వెనక్కి వంగితే ఒడి ముంజేతిని తప్పి పక్కకు పోతుంది, లేదా దాని అంచు ఎముకకు గుచ్చుకుంటుంది. హింజ్ చాలకపోతే అసలు తాకనే తాకదు. బంతి దాటాక ఫాలో త్రూలో క్లబ్ మళ్లీ పైకి లేచినప్పుడు కూడా అదే ఒడి ముంజేతిని మళ్లీ తాకాలి. బ్యాటరీ అక్కరలేదు, యాప్ అక్కరలేదు, లెక్కలు లేవు. తాకిందా, ఎక్కడ తాకింది, అంతే. ఈ సాదాతనమే దీనిలో నాకు బాగా నచ్చిన గుణం.

మొదటి మూడు వారాలు బంతి ముట్టుకోలేదు. మా మేడ మీద పొద్దున ఆరింటికి, చలికి ప్లాస్టిక్ కూడా చల్లబడి ఉండగా, నెమ్మదిగా నడుము ఎత్తు దాకా, తరువాత భుజం ఎత్తు దాకా క్లబ్ ఎత్తడం, ఒడి కూర్చున్నదాకా ఆగడం, అక్కడ రెండు క్షణాలు నిలిచి దించడం. రోజుకు అరవై డెబ్బై సార్లు. మొదటి రోజు ఎన్నిసార్లు ఎత్తినా అంచే తాకింది, ముంజేతి లోపలి వైపు ఎర్రటి గీత పడింది. క్లబ్ పైకి ఎత్తినప్పుడు నా మణికట్టు అంతగా వెనక్కి విరుగుతోందని అప్పటిదాకా నాకు తెలియదు, ఎందుకంటే మేమందరం కింద బంతి దగ్గర జరుగుతున్నదాన్నే చూస్తూ వచ్చాము. నాలుగో రోజుకు పదిలో మూడు సార్లు సరిగ్గా కూర్చుంది. రెండో వారం చివరికి కళ్లు మూసుకుని ఎత్తినా కూర్చునేది. ఆ కూర్చోవడంలో ఒక మెత్తని చప్పుడు ఉంటుంది, చొక్కా చెయ్యి పొడుగ్గా ఉంటే ఆ చప్పుడు రాదు. అందుకే పొట్టి చేతుల చొక్కాతో చేయమని నా సలహా.

ఈ మూడు వారాల్లో ఇంకో సంగతి బయటపడింది. గ్రిప్, అంటే క్లబ్‌ను పట్టుకునే తీరు, తప్పుగా ఉంటే ఈ పనిముట్టు ఎంత వాడినా వృథా. నేను క్లబ్‌ను వేళ్ల మొదళ్లలో కాక అరచేతి మధ్యనుంచి అడ్డంగా పట్టుకునేవాణ్ణి. అలా పట్టుకుంటే మణికట్టు పైకి మడవడానికి చోటే ఉండదు, మడవలేని మణికట్టు పక్కదారి పట్టి వెనక్కి వంగుతుంది. క్లబ్‌ను వేళ్లలోకి జార్చి, పైనుంచి చూస్తే ఎడమచేతి కణుపులు రెండో మూడో కనబడేలా సర్దుకున్న రోజునే నాకు సగం తేడా తెలిసింది. పనిముట్టుతో వచ్చిన కాగితంలో గ్రిప్ గురించి ఒక్క వాక్యం కూడా లేదు. ఇది చిన్న లోపం కాదు. తయారు చేసినవారికి ఈ సంగతి తెలియకపోదు, అమ్మే వస్తువుతో పాటు ఆ నాలుగు మాటలు చెప్పడం వారి ధర్మం.

డిసెంబరు రెండో వారంలో రేంజ్‌కు వెళ్లి బంతులు కొట్టాను. డ్రైవర్‌తో (దూరం కొట్టే పెద్ద క్లబ్) వచ్చే స్లైస్ చెప్పుకోదగినంత తగ్గింది. అంతకుముందు కుడివైపు వల దాకా వంపు తిరిగే బంతులు ఇప్పుడు లక్ష్యానికి పదీ పదిహేను గజాల కుడిగా ఆగుతున్నాయి, కొన్ని తిన్నగానే పోతున్నాయి. పైన మణికట్టు తిన్నగా ఉంటే క్లబ్‌ఫేస్ తెరుచుకోకుండా కిందికి వస్తుంది, దాన్ని మూయడానికి చేతులు ఆఖరున తొందరపడనక్కరలేదు. ఇంతవరకు పనిముట్టు చేసిన మేలును నేను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను. స్లైస్ మాత్రమే మీ బాధ అయితే, వీడియోలో క్లబ్ పైకి ఎత్తినప్పుడు మీ మణికట్టు వెనక్కి విరిగి కనిపిస్తే, ఈ 1800 రూపాయలు మీకు దండగ కావు.

ఐరన్లతో మాత్రం కథ మారలేదు. మ్యాట్ మీద కొట్టినంతసేపు మారిందనే అనుకున్నాను. మ్యాట్ మనల్ని మోసం చేస్తుంది. క్లబ్ బంతికి రెండంగుళాల వెనుక తగిలినా మ్యాట్ మీద జారి బంతిని తాకుతుంది, చప్పుడు కూడా బాగానే వస్తుంది. గడ్డి మీదే నిజం తెలుస్తుంది. జనవరిలో గోల్కొండ నయా ఖిల్లాలోని కోర్సులో, కోటగోడ నీడ ఇంకా ఫెయిర్‌వే మీద ఉన్న వేళ, మంచుకు తడిసిన గడ్డి మీద ఏడో ఐరన్ కొట్టినప్పుడు డివోట్ (క్లబ్ తవ్విన మట్టి గుంత) బంతి ఉన్నచోటికి మూడు వేళ్లు వెనుక మొదలైంది. మరో హోల్‌లో బంతి నెత్తిన తగిలి, జెండా గుంత ఉండే గ్రీన్ దాటి దొర్లిపోయింది. ఆ రోజు సాయంత్రం మళ్లీ వీడియో తీయించుకుంటే పైన మణికట్టు అద్దంలా తిన్నగా ఉంది, కింద మాత్రం అదే మడత, అదే చోట.

ఎందుకో తెలుసుకోవడానికి పనిముట్టును బిగించే సగం వేగంతో కొట్టి చూశాను. ఇక్కడే అసలు విషయం తెలిసింది. బ్యాక్‌స్వింగ్‌లో ఒడి సరిగ్గా కూర్చుంటోంది. ఫాలో త్రూలో కూడా ముంజేతిని తాకుతోంది. ఈ రెండు తాకిళ్ల మధ్య, అంటే చేతులు తొడల ఎదుటికి వచ్చే ఆ అడుగున్నర మేర, క్లబ్ దాదాపు ముంజేతికి తిన్నగా చాచుకుని ఉంటుంది కాబట్టి ఒడి చేతికి దూరంగా గాలిలో ఉంటుంది. ఫ్లిప్ జరిగేది సరిగ్గా ఆ మేరలోనే. మణికట్టు విరిగినా పనిముట్టుకు తెలియదు. ఇంకా చెప్పాలంటే, ఫ్లిప్ చేసినవాడి క్లబ్ బంతి దాటగానే త్వరగా పైకి లేస్తుంది కనుక ఫాలో త్రూలో ఒడి ఇంకా ముందుగానే వచ్చి ముంజేతిని తాకుతుంది, కాగితంలో రాసినదాన్ని నమ్మినవాడు అది సరైన గుర్తేనని అనుకుంటాడు. నేను మూడు వారాలు అలాగే అనుకున్నాను. అట్టపెట్టె మీద బంతిని తాకే క్షణపు బొమ్మ వేసి, ఆ క్షణాన ఏ పనీ చేయని వస్తువును అమ్మడం నాకు బాధ కలిగించింది.

ఫ్లిప్ అలవాటుకు మందు వేరే చోట దొరికింది. కోచ్ గారు ఒక రోజు తన బ్యాగులోంచి పిల్లలు బడికి తీసుకుపోయే పదిహేను సెంటీమీటర్ల ప్లాస్టిక్ స్కేలు తీసి, నా ఎడమచేతి వాచీ బెల్టు కిందికి, మణికట్టు వెనుక వైపునుంచి అరచేతి వెనుక భాగం మీదికి వచ్చేలా దూర్చారు. "ఇప్పుడు మెల్లగా ఊపండి సార్. స్కేలు గుచ్చుకుందంటే మణికట్టు విరిగినట్టే" అన్నారు. మణికట్టు వెనక్కి వంగిన మరుక్షణం స్కేలు అంచు చేతి వెనుక భాగంలోకి నొక్కుకుంటుంది. తిన్నగా ఉంటే ఆనీ ఆననట్టుగా ఉంటుంది. అరచేతి వైపు వంగితే చేతిని వదిలి పైకి లేస్తుంది. పైన, మధ్యలో, బంతి దగ్గర, దాటాక, ఏ చోట విరిగినా అది చెబుతుంది. పది రూపాయల స్కేలు! నడుము ఎత్తు నుంచి నడుము ఎత్తు దాకా, బంతి లేకుండా, నెమ్మదిగా మాత్రమే దీన్ని చేయాలని ఆయన గట్టిగా చెప్పారు, వేగంగా ఊపితే స్కేలు విరిగి గుచ్చుకునే ప్రమాదం ఉంది.

స్కేలుతో ఇంకో నిజం కూడా తెలిసింది. చేతుల మీద ఎంత శ్రద్ధ పెట్టినా, నడుము ఆగిపోతే స్కేలు గుచ్చుకుంటుంది. బొడ్డు లక్ష్యం వైపు తిరుగుతూనే ఉంటే, చేతుల గురించి ఏమీ ఆలోచించకపోయినా గుచ్చుకోదు. శరీరం ఆగినప్పుడు చేతులు ఆగుతాయి, చేతులు ఆగినా క్లబ్ తల తన వేగంతో తాను పోతుంది, ఆ రెండింటి మధ్య కీలు మణికట్టే కనుక అది విరగక తప్పదు. వీడియోలో యాభై ఆరో ఫ్రేము దగ్గర నడుము ఆగడాన్ని నేను అన్ని నెలలు చూస్తూనే ఉన్నాను, కానీ గ్లోవ్ మీది మడత మీదే నా కన్ను ఉండిపోయింది. ఫిబ్రవరి అంతా సాధన చేసింది ఆ తిరుగుడు మీదే. పైన తెరిచి ఉన్న ఫేస్‌ను మూయడానికే నా చేతులు మొదట ఫ్లిప్ నేర్చుకున్నాయన్నది నిజం కావచ్చు, కానీ కారణం పోయినంత మాత్రాన అలవాటు పోదు. ప్లాస్టిక్ పనిముట్టు కారణాన్ని తీసేసింది. అలవాటును తీసింది స్కేలూ నడుమూ.

ఒక మిత్రుడి దయవల్ల రెండు వారాలు మణికట్టు సెన్సర్ ఒకటి కూడా వాడి చూశాను. గ్లోవ్ మీదా ముంజేతి మీదా కట్టుకుంటే, మణికట్టు మూడు దిక్కుల కోణాలనూ స్వింగ్ పొడవునా ఫోనులో గీతలుగా చూపిస్తుంది, బంతి దగ్గర హద్దు దాటితే కూత పెడుతుంది. కొలతగా చూస్తే దానికీ నా పనిముట్టుకూ పోలికే లేదు, పూర్తి వేగంతో కొట్టేటప్పుడు కూడా పని చేస్తుంది, ఫ్లిప్‌ను ఎక్కడ మొదలైందో అక్కడే పట్టుకుంటుంది. ధర మాత్రం నా పనిముట్టుకు పదిహేను రెట్లు పైమాటే. పాఠం చెప్పే కోచ్‌కు అది మంచి పెట్టుబడి. వారానికి ఒక రౌండ్ ఆడే మనలాంటివారికి అవసరమని చెప్పలేను.

పనిముట్టు మీద నాకున్న ఇంకో అభ్యంతరం సిద్ధాంతానికి సంబంధించింది. పైన మణికట్టు తిన్నగా ఉండడమే సరైనదని, తక్కినదంతా తప్పని దాని కాగితం చెబుతుంది. ఆట చరిత్ర అలా చెప్పదు. అమెరికన్ ఆటగాడు డస్టిన్ జాన్సన్ పైన మణికట్టును అరచేతి వైపు బాగా వంచి, 2020 మాస్టర్స్ పోటీని 20 అండర్ స్కోరుతో (నిర్ణయించిన దెబ్బలకంటే 20 తక్కువతో) గెలిచాడు. జాన్ రామ్, కాలిన్ మొరికావా కూడా లోపలికి వంచేవారే. మరోవైపు పాతతరం అమెరికన్ ఆటగాడు బెన్ హోగన్ హుక్‌తో (బంతి బాగా ఎడమకు వంపు తిరగడం) ఏళ్ల తరబడి అవస్థపడి, ఎడమచేతిని కాస్త ఎడమకు తిప్పి గ్రిప్‌ను బలహీనం చేసుకుని, పైన మణికట్టును కావాలనే కొద్దిగా వెనక్కి వంచి ఆ హుక్‌ను వదిలించుకున్నాడు. 1955లో లైఫ్ పత్రికలో ఆయన బయటపెట్టిన రహస్యం అదే. హుక్ కొట్టేవాడికి మందైన ఆ వంపే స్లైస్ కొట్టేవాడికి విషం. ఎడమచేతిని బాగా కుడికి తిప్పి బలమైన గ్రిప్ పట్టేవారికి పైన కొంచెం కప్పింగ్ సహజంగానే వస్తుంది, వారి ఫేస్ మాత్రం తిన్నగానే ఉంటుంది. అటువంటివారు ఈ పనిముట్టుతో మణికట్టును బలవంతంగా చదును చేసుకుంటే ఫేస్ మూసుకుని బంతి ఎడమకు పోతుంది. రేంజ్‌లో నా పక్కన ఆడే ఒక పెద్దాయన నా పనిముట్టు చూసి తానూ కొన్నారు, పది రోజుల్లో తిన్నగా పోయే ఆయన బంతి హుక్ అయింది. ఆయనను ఆపకపోయానే అని ఇప్పటికీ బాధగా ఉంది. ఒడిని గ్రిప్‌ను బట్టి అటూ ఇటూ తిప్పుకునే వీలు ఉన్న రకాలు దొరుకుతాయి. బలమైన గ్రిప్ ఉన్నవారు కొంటే అవే కొనాలి, అదీ మీ ఫేస్ చూసి చెప్పగలవారు పక్కన ఉన్నప్పుడే.

వస్తువు నాణ్యత సంగతి క్లుప్తంగా చెబుతాను. మూడో నెలలో బిగింపు మర గాడులు అరిగిపోయి, స్వింగ్ మధ్యలో పనిముట్టు కాడ చుట్టూ తిరగడం మొదలైంది. తిరిగిన పనిముట్టు తప్పు చోట తాకి తప్పు పాఠం చెబుతుంది కనుక ఇది చిన్న విషయం కాదు. కోఠీలో హార్డ్‌వేర్ కొట్టులో దొరికిన స్టీలు మర, రెక్కల నట్టుతో సరిచేసుకున్నాను, అప్పటినుంచి కదలలేదు. గ్రాఫైట్ కాడ మీద బిగిస్తే గీతలు పడతాయి, మధ్యలో పాత సైకిల్ ట్యూబు ముక్క చుట్టాలి, లేదా స్టీలు కాడ ఉన్న పాత ఐరన్ ఒకటి దీనికే కేటాయించాలి. ఎడమచేతి వాటం వారికి కూడా పనికొస్తుందని రాశారు కానీ, ఒడి వంపు చూస్తే నాకు నమ్మకం కలగలేదు.

ఆరోగ్యం మాట కూడా చెప్పాలి. మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలు ఉంటాయి, బొటనవేలి మొదట్లోని టెండన్లు (కండరాలను ఎముకలకు కలిపే తంతువులు) హింజ్ చేసిన ప్రతిసారీ లాగబడతాయి. డిసెంబరులో ఉత్సాహం కొద్దీ రోజుకు రెండు వందల సార్లు ఎత్తిన వారంలో నాకు ఆ చోట నొప్పి మొదలైంది, సీసా మూత తిప్పడానికి కూడా కష్టమైంది. ఎముకల డాక్టరు గారు రెండు వారాలు క్లబ్ ముట్టుకోవద్దన్నారు. తగ్గాక మళ్లీ అరవైకే దిగాను. బంతి లేదు కదా అని తేలికగా తీసుకోకండి.

పోటీల్లో ఆడేవారు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. రౌండ్ మొదలయ్యాక ఇలాంటి శిక్షణ పనిముట్టుతో ప్రాక్టీస్ స్వింగ్ చేసినా గోల్ఫ్ నియమావళి 4.3 నిబంధన కింద శిక్ష ఉంది: మొదటిసారికి స్ట్రోక్ ప్లేలో (మొత్తం దెబ్బలు లెక్కించే పోటీలో) రెండు స్ట్రోకులు, రెండోసారికి పోటీ నుంచి తొలగింపు. వాచీ కింద పెట్టిన స్కేలుకూ అదే వర్తిస్తుంది. మొదటి టీకి (ఆట మొదలుపెట్టే చోటికి) వెళ్లేముందే రెండూ తీసి పక్కన పెట్టేయండి.

మార్చి మొదటి ఆదివారం అదే కోర్సులో అదే ఏడో ఐరన్‌తో ఆడాను. పద్దెనిమిది హోళ్లలో ఐరన్‌తో కొట్టిన దెబ్బల్లో సగానికి పైగా డివోట్ బంతి ఉన్నచోటికి ముందు వైపు మొదలైంది. నా బ్యాగు మోస్తూ వచ్చిన క్యాడీ ఒక డివోట్‌ను మట్టితో పూడుస్తూ, "సార్, ఇప్పుడు మట్టి ముందుకు పోతోంది" అన్నాడు. అతను నన్ను మూడేళ్లుగా చూస్తున్నాడు. ఆ మాటకు కలిగిన సంతోషం స్కోరు కార్డు చూసినప్పుడు కూడా కలగలేదు.

కాబట్టి కొనాలా వద్దా అని అడిగేవారికి నా జవాబు ఇది. ముందు ఒక వారం వాచీ కింద స్కేలు పెట్టి, బంతి లేకుండా, మెల్లగా ఊపి చూడండి. స్కేలు బ్యాక్‌స్వింగ్ చివర, భుజం ఎత్తున గుచ్చుకుంటే మీకు ఈ ప్లాస్టిక్ పనిముట్టు పనికొస్తుంది, కొనండి, మూడు వారాలు బంతి ముట్టుకోకుండా వాడండి. బంతి దగ్గర మాత్రమే గుచ్చుకుంటే కొనకండి, ఆ 1800 రూపాయలతో ఒక మంచి కోచ్ దగ్గర పాఠాలు తీసుకుని, నడుము ఎక్కడ ఆగుతోందో చూపించమని అడగండి. రెండు చోట్లా గుచ్చుకుంటే, నాలాగే ముందు పైది, తరువాత కిందిది.